మూసీ వరదల అనంతర హైదరాబాద్‌ నగర ప్రణాళిక: మోక్షగుండం విశ్వేశ్వరయ్య

మైసూరు సంస్థానంలోని ముద్దేనహళ్ళిలో జన్మించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య పూర్వీకులు మార్కాపురం ప్రాంతపు మోక్షగుండం గ్రామానికి చెందినవారు. పూణేలో ఇంజనీరింగ్‌ అభ్యసించిన ఆయన 1908 వరకు బొంబాయి ప్రభుత్వ సేవలో ఉన్నారు.

1908 సెప్టెంబరు 28న మూసీ వరదల్లో హైదరాబాద్‌లో వేలాది మంది మరణించారు. నిజాం ప్రభుత్వ ఆహ్వానంపై 1909లో వచ్చిన విశ్వేశ్వరయ్య నగరంలోని నష్టానికే పరిమితం కాక ఎగువ పరీవాహక ప్రాంతాన్ని పరిశీలించారు. అక్కడి 788 చెరువులలో 221 తెగినట్లు తేలింది. మూసీ, ఈసీ నదులపై నగరానికి ఎగువనే జలాశయాలు నిర్మించి వరదను నిలిపి, క్రమంగా విడుదల చేయాలని సిఫార్సు చేశారు. ఆ ప్రకారం ఉస్మాన్‌సాగర్‌ 1920లో, హిమాయత్‌సాగర్‌ 1927లో పూర్తయ్యాయి. ఆయన సూచించిన మురుగునీటి పథకం మాత్రం అంత త్వరగా సాగలేదు. అందుకోసం 1920 దశకంలో ఆయనను తిరిగి పిలిపించవలసి వచ్చింది.

కడప జిల్లాలో 2021 నవంబరులో ఎగువన పింఛా ప్రాజెక్టుకు గండిపడిన పిదప చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు తెగిన తీరు ఇటువంటిదే. పెన్నా తీరాన గల ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పట్టణాల ప్రణాళికాధికారులకు ఆ పరిశీలన నేటికీ ఉపయుక్తం.

1912 నుంచి 1918 వరకు మైసూరు దివానుగా పనిచేసిన విశ్వేశ్వరయ్య సమయపాలనకు ప్రసిద్ధులు. 1955లో భారతరత్న పొందిన ఆయన నూరేళ్ళు దాటిన వయసులో, 1962లో మరణించారు. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15ను ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుతున్నారు.