మాజీ సైనికుల పరిశ్రమలకు రుసుముల మినహాయింపు ఎలా?

సంగారెడ్డి: సైన్యంలో పదవీ విరమణ పొంది పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ప్రాంతాల్లో చిన్న పరిశ్రమ నెలకొల్పదలచిన వారికి తొలుత ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. మాజీ సైనికుడినని చూపితే టెండరు రుసుములు మినహాయిస్తారా? కేంద్ర సంస్థల కొనుగోళ్లలో ఈ మినహాయింపు సైనిక సేవను బట్టి కాక, పరిశ్రమ స్థాయిని బట్టి లభిస్తుంది. ఈ తేడా తెలియనివారు అర్హత ఉండీ నష్టపోయే ప్రమాదముంది.

టెండర్లలో వెసులుబాటు

కేంద్రం 2012లో జారీచేసిన కొనుగోళ్ల విధానం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు టెండరు పత్రాలు ఉచితంగా ఇవ్వాలి. ధరావతు సొమ్ము అడగరాదు. రూ.20 లక్షల టెండరుకు 2 శాతం ధరావతు నిర్ణయిస్తే, రూ.40 వేలు చేతిలోనే మిగులుతాయి. జిల్లాలోని రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్, భానూరు బీడీఎల్, ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఈ విధానం పరిధిలోనివే. వార్షిక కొనుగోళ్లలో కనీసం 25 శాతం ఈ పరిశ్రమల నుంచే జరగాలి. అందులో ఎస్సీ, ఎస్టీలకు 4, మహిళలకు 3 శాతం కేటాయించారు. మాజీ సైనికులకు ప్రత్యేక వాటా లేదు.

ఉద్యమ్ నమోదు తప్పనిసరి

మినహాయింపు కోరేవారు ఉద్యమ్ ధ్రువపత్రం జతచేయాలి. 2020 జులై 1న మొదలైన ఈ నమోదు పూర్తిగా ఉచితం. దళారులకు సొమ్ము చెల్లించనవసరం లేదు. 2025 ఏప్రిల్ 1 నుంచి యంత్ర పరికరాలపై పెట్టుబడి రూ.25 కోట్లు, వార్షిక టర్నోవరు రూ.100 కోట్లు మించనివి చిన్న పరిశ్రమలుగా పరిగణన పొందుతున్నాయి. సొంతంగా తయారుచేసే వస్తువులకు, అందించే సేవలకే మినహాయింపు వర్తిస్తుంది. కొని అమ్మే వ్యాపారులకు వర్తించదు. టెండరు దక్కిన తరువాత చెల్లించే పనితీరు హామీ సొమ్ముకూ ఇది వర్తించదు.

సైనిక సేవకు గుర్తింపు ఇక్కడ

ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం 2008లో ప్రారంభమైంది. ఇందులో మాజీ సైనికులను ప్రత్యేక వర్గంగా గుర్తించారు. వారి సొంత వాటా 5 శాతం చాలు. ఇతరులకు 10 శాతం. రాయితీ గ్రామాల్లో 35, పట్టణాల్లో 25 శాతం. గ్రామపంచాయతీ పరిధిలో రూ.10 లక్షల తయారీ యూనిట్ పెట్టే మాజీ సైనికుడు రూ.50 వేలు సమకూర్చుకుంటే, రూ.3.5 లక్షల రాయితీకి అర్హుడవుతాడు. ఈ సొమ్ము వెంటనే చేతికి రాదు. మూడేళ్లపాటు బ్యాంకు డిపాజిట్‌గా ఉంటుంది. కొత్త యూనిట్లే ఇందుకు అర్హం.

ఈ పథకాన్ని 2025-26 వరకు ఆమోదించినందున, దరఖాస్తుకు ముందు జిల్లా పరిశ్రమల కేంద్రంలో తాజా నిబంధనలు తెలుసుకోవాలి. డిశ్చార్జి పుస్తకం, మాజీ సైనికుల గుర్తింపు కార్డు సిద్ధంగా ఉంచుకోవాలి. ధ్రువీకరణలో సందేహాలుంటే సైనిక సంక్షేమ అధికారులను సంప్రదించవచ్చు.