మన చప్పుళ్ల చరిత్ర – 7: సైడ్ డ్రమ్ము రొద, మీట ఎవరి చేతిలో?



పోయిన వారం డప్పు గురించి రాశాను. ఈ వారం డప్పు పక్కన మన ఇళ్లలో చేరిన ఇంకో వాద్యం గురించి. పుస్తకాల్లో దాన్ని స్నేర్ డ్రమ్ అంటారు. మన బ్యాండు మేళాల వాళ్లు సైడ్ డ్రమ్ము అంటారు. దీని గురించి రాయాలని నేను అనుకోలేదు. ఒక సంఘటన రాయించింది.

మొన్న ఏప్రిల్ 14న ఒక మండల కేంద్రంలో అంబేడ్కర్ జయంతి సభ జరిగింది. నా దగ్గర డిగ్రీ చదివే కుర్రాడు వాళ్ల నాన్న బ్యాండులోంచి సైడ్ డ్రమ్ము తెచ్చి పాటలకు వాయించాడు. పాట నడిచినంతసేపూ బాగుంది. పాట ఆగి వక్త మైకు ముందుకు రాగానే, ఎవరూ ముట్టుకోకుండానే డ్రమ్ము జరజరమనడం మొదలుపెట్టింది. వక్త గొంతు పెంచితే అదీ పెంచుతోంది. మైకుసెట్టు అతను వేదికెక్కి, ‘ఈ పెళ్లి డబ్బా తీసేయండయ్యా, సౌండంతా పాడుచేస్తోంది’ అంటూ కాలితో పక్కకు నెట్టాడు. జనం నవ్వారు. మనవాళ్లే నవ్వారు.

సభ అయ్యాక పిల్లాడు నా దగ్గరికి వచ్చి, ‘ఇక దీన్ని తీసుకురాను సార్. ప్యాడ్ కొనుక్కుంటా’ అన్నాడు. వాడి గొంతులో ఉన్నది డ్రమ్ము మీద కోపం కాదు, సిగ్గు. ఆ సిగ్గు నాకు తెలుసు. మా నాయన బ్యాండు డ్రెస్సులో ఎదురొస్తే సందు మార్చిన రోజులు నాకూ ఉన్నాయి.

మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. వాళ్ల నాన్నను నేను బాబాయ్ అంటాను. ముప్పై ఏళ్లుగా బ్యాండులో ఉన్నాడు. జరిగింది చెప్తే ఆయన డ్రమ్మును ఒళ్లో బోర్లించుకుని, ‘తీగల్ని తిట్టి లాభం లేదు సారూ, ముందు కింది చర్మం సంగతి చూడాలి’ అన్నాడు. తర్వాత గంటసేపు నేను శిష్యుణ్ని.

ఆయన చూపించింది మీకూ చెప్తాను. తర్వాత చెప్పబోయే చరిత్రకు అది కావాలి.

ఈ డ్రమ్ముకు రెండు చర్మాలు. పైది దెబ్బ తినేది, మందంగా ఉంటుంది. కిందది చాలా పలుచన, పైదానిలో మూడో వంతు మందం కూడా ఉండదు. కింది చర్మానికి ఆనుకుని చుట్టలు తిరిగిన సన్నటి ఉక్కు తీగలు, మామూలుగా 20, వరసగా అడ్డంగా బిగించి ఉంటాయి. పైన పుల్ల పడగానే లోపలి గాలి కింది చర్మాన్ని తోస్తుంది. చర్మం కదిలితే తీగలు ఎగిరి మళ్లీ దాని మీద పడతాయి. ‘టర్ర్’ మనే ఆ పదునైన శబ్దం అలా పుడుతుంది. తీగలు లేకపోతే అది మామూలు చిన్న డోలే.

అయితే కింది చర్మాన్ని కదిలించేది పుల్లదెబ్బ ఒక్కటే కాదు. వీధిలో లారీ పోతే అలమారలో స్టీలు గిన్నెలు గలగలమనడం మనందరికీ తెలుసు. ప్రతి బిగువు చర్మానికీ తనదైన ఒక శ్రుతి ఉంటుంది. పక్కన పెద్ద డ్రమ్ములోంచో, స్పీకరులోంచో ఆ శ్రుతికి దగ్గర శబ్దం వస్తే చర్మం తనంతట తాను ఊగుతుంది. దాని మీద ఆనుకున్న తీగలు ఆ ఊగును రొదగా బయటపెడతాయి. సభలో జరిగింది అదే.

ఆ రొద ఎంత ఉండాలన్నది చాలావరకు తయారీలో ఉంది. డ్రమ్ము కింది అంచు మీద, తీగలు దాటే రెండు చోట్ల, కొద్దిగా చెక్కిన పల్లం ఉంటుంది. ఆ పల్లంలోకి చర్మం ఒదిగితేనే తీగలు ఈ కొస నుంచి ఆ కొస దాకా సమంగా ఆనుకుంటాయి. పల్లం చాలకపోతే తీగల కొసలు గాల్లో తేలి రొద పెడతాయి. ఎక్కువైతే చర్మం ముడతపడుతుంది. డ్రమ్ము గుండ్రం తప్పినా, ఒక్క తీగ వంగినా, తీగల్ని పట్టి ఉంచే తాడు ఒకవైపు లాగినా అదే గతి. కొన్ని పాత డ్రమ్ముల బోల్టు గూళ్లలో చిన్న స్ప్రింగులు ఉంటాయి. అవీ మోగుతాయి. బాబాయ్ ఆ గూళ్లలో దూది కుక్కాడు.

ఇక ఆయన వరస చూడండి. ముందు తీగల్ని నడిమధ్యకు తెచ్చాడు. కింది చర్మాన్ని అన్ని బోల్టుల దగ్గరా వేలితో తట్టి, ఒకే శ్రుతి పలికేదాకా బిగించాడు. తీగల్ని వదులుగా మొదలుపెట్టి, దెబ్బ శుభ్రంగా వినిపించేదాకా బిగించి అక్కడ ఆపాడు. ఇంకా బిగిస్తే డ్రమ్ముకు గొంతు పట్టేస్తుందట. చివర తీగలకు రెండు పక్కలా ఉన్న బోల్టుల్ని ఒక పిసరు వదిలాడు. రొద సగానికి పైగా పడిపోయింది.

‘పూర్తిగా పోదా బాబాయ్?’ అన్నాను.

‘పూర్తిగా పోతే డ్రమ్మే పోతది సారూ. పుల్లకు పలికేదీ అదే, ఊరికే ఏడ్చేదీ అదే. మాట్లాడేటప్పుడు ఈ మీట దించాలి, వాయించేటప్పుడు ఎత్తాలి. మావాడు దించడం మర్చిపోయాడు, అంతే.’

డ్రమ్ము పక్కన ఒక చిన్న మీట ఉంటుంది. దించితే తీగలు చర్మాన్ని వదిలేస్తాయి, రొద ఆగిపోతుంది. వేదిక మీద చేయాల్సింది అంతే. దానికి బదులు కాలు వాడారు.

ఇప్పుడు చరిత్రలోకి వద్దాం.

ఈ డ్రమ్ము యూరప్‌లో పుట్టింది. మధ్యయుగాల్లో ‘టేబర్’ అనే చిన్న డోలు మీద ఒక పేగు తంతి కట్టేవారు. 15, 16 శతాబ్దాల్లో స్విస్ కిరాయి సైనికులతో అది పెద్దదై యుద్ధభూమికి వచ్చింది. రెండువైపులా తోలు, చుట్టూ తాళ్లు, తాళ్ల మీద జరిపే తోలు ముక్కలు. వాటిని కిందికి లాగితే బిగువు, పైకి తోస్తే వదులు. తుపాకుల మోతలో సేనాని గొంతు వినపడదు. తంతుల పదును వినపడుతుంది. నిద్రలేపడం, గుమిగూడడం, ముందుకు నడవడం, వెనక్కి తగ్గడం, ప్రతి ఆజ్ఞకూ ఒక దరువు. డ్రమ్మును బిగించి శుభ్రం చేయడమంటే ఆజ్ఞను శుభ్రం చేయడమే.

ఆ దరువు వేసేది ఎవరు? బ్రిటిష్ సైన్యంలో 29వ పదాతి దళం 1759 నుంచి 1843 దాకా నల్లజాతి డ్రమ్మర్లను పెట్టుకుంది. ఆ సైన్యంలో డ్రమ్మర్లకు ఇంకో పని ఉండేది, తప్పు చేసిన సైనికుణ్ని కొరడాతో కొట్టడం. 1768లో ఆ దళం బోస్టన్‌లో దిగినప్పుడు, నల్ల డ్రమ్మర్లు తెల్ల సైనికుల్ని బహిరంగంగా కొరడాలతో కొట్టడం ఆ ఊరంతా చూసింది. శిక్ష వేసిన అధికారి చేతికి మట్టి అంటలేదు. ద్వేషం డ్రమ్మరు మీదికి పోయింది. ఊళ్లో దొరల హుకుం చాటడానికి మన తాతల చేత డప్పు కొట్టించిన పద్ధతి గుర్తొస్తోందా? హుకుం ఒకరిది, చప్పుడు ఇంకొకరిది. అపవాదు ఎప్పుడూ చప్పుడు చేసినవాడిదే.

కాని డ్రమ్ము ఆజ్ఞ మోయడానికే ఉండిపోలేదు. 1739 సెప్టెంబర్ 9న అమెరికాలో దక్షిణ కరొలినాలోని స్టోనో నది దగ్గర సుమారు ఇరవైమంది బానిసలు తిరగబడ్డారు. ఆయుధాలు అందుకుని, జెండా ఎత్తి, డ్రమ్ములు మోగిస్తూ దక్షిణానికి నడిచారు. దారిలో చప్పుడు విన్నవాళ్లు వచ్చి కలుస్తూ పోయారు. ఆ తిరుగుబాటును నెత్తురులో ముంచారు. మరుసటి ఏడు, 1740లో, ఆ వలసరాజ్యం ఒక చట్టం చేసింది. బానిసలు గుమిగూడడం, రాయడం నేర్చుకోవడంతో పాటు డ్రమ్ములు, కొమ్ములు, గట్టిగా మోగే వాద్యాలు ఉంచుకోవడం కూడా అందులో నిషేధం. విద్యార్థి మిత్రులు ఇది గమనించాలి. రాతనూ చప్పుడునూ ఒకే చట్టంలో కట్టేశారు. చప్పుడు కూడా ఒక లిపి అని పాలకులకు అప్పటికే తెలుసు. మన మేధావుల్లో చాలామందికి ఇప్పటికీ తెలియదు.

డ్రమ్ము లాక్కుంటే వాళ్లు ఒంటినే డ్రమ్ము చేసుకున్నారు. చేతులతో తొడల మీద, ఛాతీ మీద, కాళ్లతో నేల మీద దరువులు వేశారు. 1861లో మొదలైన అంతర్యుద్ధంలో సుమారు 1,80,000 మంది నల్లవాళ్లు ఉత్తరాది సైన్యంలో చేరారు. వాళ్ల పటాలాల ముందు మళ్లీ సైడ్ డ్రమ్ము మోగింది. ఆ తరువాతి దశాబ్దాల్లో న్యూ ఆర్లియన్స్ వీధుల్లో నల్లవాళ్ల బ్రాస్ బ్యాండ్లు పెరిగాయి. పెళ్లికీ, ఊరేగింపుకూ, శవయాత్రకూ అవే బ్యాండ్లు. మనకు కొత్తగా చెప్పేదేముంది?

ఆ ఊళ్లోనే 1898లో వారెన్ ‘బేబీ’ డాడ్స్ పుట్టాడు. పుల్లల్ని చర్మానికి అదిమిపెట్టి, తీగల జరజరను తెంపు లేకుండా సాగదీసే ‘ప్రెస్ రోల్’ ఆయన గుర్తు. సైన్యం క్రమంలో పెట్టాలని చూసిన రొదను ఆయన పాటకు ఊపిరిగా మార్చాడు. 1946లో ఆయన చేత వాయించి, మాట్లాడించి రికార్డు చేశారు. తన డ్రమ్ము గురించి తనే చెప్పే అవకాశం ఒక డ్రమ్మరుకు దక్కింది. 1960లో మాక్స్ రోచ్ ‘వీ ఇన్సిస్ట్!’ అనే ఆల్బం చేశాడు. బానిసత్వం నుంచి ఆఫ్రికా స్వాతంత్ర్యం దాకా సాగే ఆ సంగీతానికి సారథి డ్రమ్మరే. ఒకప్పుడు కొరడా పట్టించిన చేతులు కొరడా చరిత్రను అదే వాద్యం మీద వినిపించాయి.

మన దేశానికి ఈ డ్రమ్ము కంపెనీ పటాలాలతో వచ్చింది. పటాలం బ్యాండును చూసి పట్నాల్లో పెళ్లి బ్యాండ్లు లేచాయి. వాయించే పని, తోలు ముట్టే పని కాబట్టి, చాలాచోట్ల మన ఇళ్లకే వచ్చింది. మా నాయన తరానికి అది ఒక మెట్టు పైకి ఎక్కినట్టే. డప్పుకు ఊరు ఇచ్చేది గింజలు, సైడ్ డ్రమ్ముకు ముట్టేది రూపాయలు. కాని పెళ్లింట్లో బంతి మాత్రం వేరే. అందరూ తిన్నాక, పందిరి వెనక.

సాంకేతికంగా చూసినా ఇది డప్పుకు పరాయిది కాదు. డప్పుకు చెక్క చట్రం, ఒకే తోలు, వెనక ఖాళీ. బోల్టు లేదు, మీట లేదు. బిగువు పెంచేది సెగ. యూరప్ డ్రమ్మరుకూ ఇదే బాధ ఉండేది, వాన తేమకు దూడ తోలు సాగిపోయేది. 1950ల చివర్లో మైలార్ ప్లాస్టిక్ చర్మాలు వచ్చాకే వాళ్లకు అది తప్పింది. మన తాతలు మంట ముందు డప్పు తిప్పుతూ చెవితో కొలిచింది, బాబాయ్ బోల్టు దగ్గర వేలితో కొలిచింది ఒకే విద్య.

నేను తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేశాను. పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్రలో ఎన్నో వాద్యాల పేర్లు దొరుకుతాయి. తోలు ఊనిన చేతుల పేర్లు దొరకవు. ఆ ఖాళీని నేను లైబ్రరీలో వెతికాను. బాబాయ్ ఒళ్లో గంటసేపు కూర్చుంది అది.

రొద అనేది శబ్దంలో ఉన్న లోపం కాదని ఆ రోజు నాకు అర్థమైంది. ఎప్పుడు మోగాలి, ఎప్పుడు ఆగాలి అనే నిర్ణయం ఎవరిదన్నదే అసలు విషయం. 1740 చట్టం ఆ నిర్ణయాన్ని యజమాని చేతిలో పెట్టింది. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన దండోరా, ఊరి హుకుం చాటిన డప్పును తన హక్కు చాటే డప్పు చేసింది. వేదిక మీద మా పిల్లాడికి ఒక్కరు ఆ మీట చూపించి ఉంటే చాలు. చూపించాల్సినవాళ్లలో నేనూ ఉన్నాను. ముందు వరసలో కూర్చుని ఊరుకున్నాను. ఇది రాయకుండా మిగతాది రాయడం నిజాయితీ కాదు.

విద్యార్థి మిత్రులారా, ఒక పని చేయండి. మీ ఇంట్లో, మీ వాడలో వాద్యం ఊనేవాళ్లు, బిగించేవాళ్లు ఉంటే వాళ్ల ముందు కూర్చోండి. ఏ తోలు, ఏ జిగురు, ఎంత బిగువు, చెడితే ముందు ఏం చూస్తారు, అన్నీ అడిగి వాళ్ల మాటల్లోనే రాసుకోండి. వాళ్ల పేరుతో రాయండి.

మా పిల్లాడు ఇంకా ప్యాడ్ కొనలేదు. పోయిన ఆదివారం ఇంకో సభలో అదే డ్రమ్ముతో వచ్చాడు. పాట అయిపోగానే మీట దించాడు. వక్త మాట్లాడినంతసేపూ డ్రమ్ము చప్పుడు చేయలేదు. తర్వాతి పాటకు మళ్లీ ఎత్తాడు. వాళ్ల నాన్న వెనక వరసలో నిలబడి వింటున్నాడు. ఈసారి నేను లేచి వెళ్లి ఆయన్ని ముందు వరసలో కూర్చోబెట్టాను.

వచ్చే వారం: పటాలం యూనిఫాం పెళ్లి బ్యాండు డ్రెస్సు ఎలా అయింది?

జై భీమ్.