గోదావరి ఇరుగట్ల పిచ్చాసుపత్రులు: చరిత్ర, రికార్డులు, సంఘ బాధ్యత

ఖమ్మం పట్టణమును ఆనుకొని ఉన్న ఖానాపురం హవేలిలో పరిచర్య చేస్తున్న మాకు మతిస్థిమితము తప్పిన వారి కుటుంబములు కొత్త కాదు. ప్రార్థన కొరకు వచ్చిన తల్లిదండ్రులు "ఎర్రగడ్డకు కూడా తీసుకొనిపోయినామయ్యా" అని గొంతు తగ్గించి చెబుతారు. ఆ ఊరి పేరే మన ప్రాంతములో ఒక తిట్టుగా మారినది. ఒకసారి మా పాత సమాధుల రిజిస్టరు తిరగవేస్తుండగా, పేరు ఉండవలసిన గడిలో "పిచ్చి స్త్రీ" అని మాత్రమే వ్రాసి ఉండుట చూచినాము. ఆమె ఏ ఊరిదో, ఎవరి బిడ్డయో తెలిసికొనే దారి ఇక లేదు. వ్రాసినది ప్రభుత్వము కాదు, మన సంఘమే. ఆ ఒక్క గడియే ఈ వ్యాసమునకు కారణము.

1. రెండు గట్లు, రెండు ప్రభుత్వములు

గోదావరికి ఈవలి గట్టున ఖమ్మం, బూర్గంపహాడ్ నిజాము రాజ్యములో ఉండేవి. ఆవలి గట్టున ఉన్న భద్రాచలం ప్రాంతము 1860లో నిజాము చేతినుండి బ్రిటిషు వారికి పోయి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరినది. కోయల మధ్య దుమ్ముగూడెం మిషను పని సాగినది ఆ గట్టుననే.

బ్రిటిషు ఇండియాలో 1858 నాటి 36వ చట్టము పిచ్చాసుపత్రులకు పునాది వేసినది. దాని ప్రకారము వీధులలో తిరుగాడే మతిలేని వారిని పోలీసులు పట్టుకొని మేజిస్ట్రేటు ఎదుట నిలిపేవారు. వైద్యుని సర్టిఫికెటు చూచి ఆయన ఉత్తర్వు ఇస్తే ఆ మనిషిని లోపలికి పంపేవారు. మద్రాసు కీల్పాకులో 1871లో పెద్ద అసైలం తెరిచినారు. తెలుగు జిల్లాలకు దగ్గరగా ఉన్నది వాల్తేరు అసైలం. అది కూడా ఆ కాలము నాటిదే.

నిజాము రాజ్యములో ఆ చట్టము చెల్లలేదు. హైదరాబాదు సంస్థానపు మానసిక చికిత్సాలయము మరాఠ్వాడాలోని జాల్నాలో నడిచి, 1953లో ఎర్రగడ్డకు వచ్చినది. కనుక ఒకే భాష మాట్లాడే, ఒకే ఏటి నీళ్లు త్రాగే ఇద్దరు రోగులలో ఒకని కాగితము ఇంగ్లీషులో వాల్తేరు వైపు, మరియొకని కాగితము ఉర్దూలో జాల్నా వైపు పోవలసి ఉండేది. తరువాత హద్దులు మరల మారినవి. 1956లో జాల్నా బొంబాయి రాష్ట్రమునకు, 1960లో మహారాష్ట్రకు పోయినది. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసినది. 2014 తరువాత వాల్తేరు మనకు పొరుగు రాష్ట్రమైనది. తాతగారి ఆచూకీ వెదికే మనుమడు నేడు మూడు రాష్ట్రములలో వెదకాలి.

2. రిజిస్టరు ఏమి చెబుతుంది?

1912 నాటి ఇండియన్ లూనసీ చట్టము కింద వైద్యుడు సర్టిఫికెటులో రెండు సంగతులు వేర్వేరుగా వ్రాయాలి: తాను స్వయముగా చూచినది, ఇతరులు తనకు చెప్పినది. ఈ భేదము కాపరులు కూడా నేర్చుకొనదగినది. బంధువు చెప్పినదంతా రోగి స్థితి కాదు.

అసైలముల వార్షిక నివేదికలలో మతము, వృత్తి, వ్యాధి కారణము, మరణములు, ఖర్చు పట్టికలుగా ఉంటాయి. కారణముల వరుసలో గంజాయి, సారాయి, జ్వరము, దుఃఖము కనబడతాయి. "తెలియదు" అన్న వరుస మాత్రము తరచుగా పెద్దది. ఈ నివేదికలను స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయము డిజిటల్ రూపములో అందరికీ అందుబాటులో ఉంచినది. అయితే ముద్రిత నివేదిక అంకెలను దాస్తుంది. పేరు, ఊరు, పలికిన మాట ఉండేది చేవ్రాత కేసు పుస్తకములలోనే. బెంగుళూరు నిమ్హాన్స్ పరిశోధకులు తమ సంస్థ పాత కేసు కాగితములను చదివి చరిత్ర వ్రాయగలిగినది అవి మిగిలినందువలననే.

3. మూసివేతలు

పాశ్చాత్య దేశములలో అనేక అసైలములు నిజముగానే మూతబడినవి. ఇటలీ 1978లో చట్టము చేసి కొత్తవారిని చేర్చుకొనుట ఆపినది. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రపు విల్లార్డ్ ఆసుపత్రి 1995లో మూతపడినప్పుడు అటకపై రోగుల పెట్టెలు 400కు పైగా దొరికినవి. వారు ఇంటినుండి తెచ్చుకొన్న బట్టలు, ఉత్తరములు, ఫొటోలు వాటిలో ఉన్నవి. అక్కడి శ్మశానములో సమాధులపై పేర్లు లేవు, అంకెలే ఉన్నవి. మా రిజిస్టరులోని గడి మాకు జ్ఞాపకము వచ్చినది.

మన దేశములో ఎక్కువగా మూయబడినది పాత పేరు మాత్రమే. 1920వ దశకములో అసైలము మెంటల్ హాస్పిటల్ అయినది. 1946లో భోర్ కమిటీ లెక్క ప్రకారము సుమారు 40,000 మంది జనాభాకు ఒక్క పడక ఉండేది. 1912 చట్టము స్థానములో 1987 చట్టము, దాని స్థానములో 2017 చట్టము వచ్చినవి. ఆసుపత్రిలో చోటు దొరకని వారు, అక్కడికి పోవుటకు సిగ్గుపడిన వారు ప్రార్థనా స్థలములను ఆశ్రయించినారు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక దర్గా సమీపమున గల ఆశ్రమము కాలినప్పుడు గొలుసులతో కట్టబడి ఉన్న 28 మంది మరణించినారు. అది అన్యుల సంగతి అని మనము తప్పుకొనలేము. స్వస్థత పేరిట మన ప్రార్థనా గృహములలో ఎవరిని ఏ విధముగా ఉంచుతున్నామో మనకు తెలుసు.

4. సంఘమునకు పాఠము

మార్కు 5వ అధ్యాయములో గెరాసేనుల దేశపు మనుష్యుని ఊరివారు గొలుసులతో కట్టినారు. "సేన" అన్నది అపవిత్రాత్మ చెప్పుకొన్న పేరు. ఆ మనుష్యుని సొంత పేరు సువార్తలో లేదు. అయినను ప్రభువు అతనిని పడవ ఎక్కనీయక ఇంటివారియొద్దకు పంపినాడు. స్వస్థత ఇంటితో ముగిసినది. పేరు, ఊరు వ్రాసి పెట్టని వారిని మనము ఏ ఇంటికి పంపగలము?

కనుక మూడు పనులు కాపరులకు సూచిస్తున్నాము. మొదటిది, ప్రార్థనకు వచ్చిన మానసిక రోగి పేరు, ఊరు, వెంట వచ్చినవారి వివరము, వాడుతున్న మందు వ్రాసుకొనవలెను, మందు మాన్పించరాదు. రెండవది, ఆ పుస్తకము తాళములో ఉండవలెను, దానిలోని సంగతి ప్రసంగములో సాక్ష్యముగా మారరాదు. 2017 చట్టము రోగి వివరములకు గోప్యత, తన వైద్య రికార్డు చూచుకొనే హక్కు ఇచ్చినది, గొలుసులను నిషేధించినది. మూడవది, పాత బాప్తిస్మ, వివాహ, సమాధి రిజిస్టర్లను చెదలకు వదలక కాపాడవలెను. ఆసుపత్రి కాగితము పోయిన చోట మిగిలేది కొన్నిసార్లు అదొక్కటే.

మా రిజిస్టరులోని ఆ గడిని దిద్దుటకు మా దగ్గర పేరు లేదు. అటువంటి గడి మరల పడకుండ చూచుట మాత్రము మన చేతిలో ఉన్నది.