గుర్తుల భాష : ఎక్స్‌ఎమ్‌ఎల్ చరిత్రయు, షోలాపురపు తెలుగును

మన షోలాపురమున నేతవారి పేటలలో నడచువారికి మరమగ్గముల చప్పుడు క్రొత్తది కాదు. చద్దరులు నేయు మగ్గములపై వ్రేలాడు అట్టల మాలయు క్రొత్తది కాదు. చిత్రకారుడు గళ్ళ కాగితముపై వేసిన నెమలి ఆ అట్టలలో రంధ్రముల వరుసగా మారును. రంధ్రమున్నచోట సూది దూరును, పడుగుపోగు లేచును; లేనిచోట లేవదు. అట్టకు నూలు రంగుతో పని లేదు. ఒకే మాలతో ఎఱ్ఱనూలు నేసినను, నీలినూలు నేసినను నెమలి నెమలియే. ఎలక్ట్రానిక్ జాకార్డు వచ్చినచోట ఈ మాలలు తొలగినవి గాని, ఉపాయము మాత్రము మారలేదు.

1804లో ఫ్రాన్సు దేశమున జాకార్డు రూపొందించిన ఈ అట్టయే కంప్యూటరునకు తల్లి యని మన సభలలో తఱచుగా చెప్పుకొందుము. అందు కొంత నిజము కలదు. ఆంగ్లదేశీయుడు బాబేజి తన గణనయంత్రమునకు ఈ అట్టలనే తలచెను. 1890లో అమెరికా జనాభా లెక్కలకు హాలరిత్ రంధ్రముల అట్టలను వాడెను; అతని సంస్థ మఱికొన్నింటితో కలిసి 1924లో ఐ.బి.ఎమ్. అను పేరు దాల్చినది. అయితే నేడు మన పిల్లలు వెబ్ పనులకును, వ్యాపార సంస్థల పనులకును నేర్చుకొను ఎక్స్‌ఎమ్‌ఎల్ ఆ అట్టనుండి పుట్టినది కాదు. పుట్టినిల్లు అదే ఐ.బి.ఎమ్. అయినను, భావము అచ్చుకూటమునుండి వచ్చినది. నేతవాడలో నుండి ఈ మాట వ్రాయుట నాకు కొంత కష్టముగనే యున్నది.

పూర్వము అచ్చునకు పోవు వ్రాతప్రతి అంచున, ఇది శీర్షిక, ఇది పెద్ద అక్షరములలో నుండవలెను అని పరిష్కర్త గుర్తులు పెట్టెడివాడు. కూర్పరి ఆ గుర్తులు చూచి అక్షరములు పేర్చెడివాడు. 1967లో విలియం టనిక్లిఫ్ అను నతడు కెనడా ప్రభుత్వ ముద్రణాలయమున జరిగిన సమావేశమున, వ్రాతలోని విషయమును దాని ఆకారమునుండి వేఱు చేయవలె నని ప్రతిపాదించెను. 1969లో ఐ.బి.ఎమ్. ఉద్యోగులు గోల్డ్‌ఫార్బ్, మోషర్, లోరీ అను మువ్వురు దానికి ఒక రూపు కల్పించిరి. గోల్డ్‌ఫార్బ్ న్యాయవాది. న్యాయవాదుల కార్యాలయములలోని పత్రములను ఒక ప్రోగ్రాము సరిదిద్దవలెను, వేఱొకటి వెదకవలెను, మఱియొకటి అచ్చు వేయవలెను. కాని ఒకదాని వ్రాత మఱియొకదానికి తెలియదు. అందుచేత 'ఇది పెద్ద అక్షరము' అని గాక 'ఇది శీర్షిక' అని గుర్తు పెట్టిన చాలునని వారు గ్రహించిరి. ఆకారము మాట ఎవరి పనికి తగినట్లు వారు చూచుకొందురు. ఆ భాషకు జి.ఎమ్.ఎల్. అని పేరు, అది ఆ మువ్వురి పేళ్ళ మొదటి అక్షరములే!

అదియే పెరిగి 1986లో ఎస్.జి.ఎమ్.ఎల్. అను అంతర్జాతీయ ప్రమాణమైనది. అది మహాగ్రంథము, నేర్చుటయు, నేర్పుటయు కష్టము. తరువాత వచ్చిన వెబ్ పుటల భాష హెచ్.టి.ఎమ్.ఎల్. సులభమైనది గాని, అందలి గుర్తులు ఇతరులు నిర్ణయించినవి. పేరా, పట్టిక, బొమ్మ కలవు; పడుగు, పేక, కండె లేవు. ఈ రెంటి నడుమ దారి వెదకుటకు 1996లో సన్ సంస్థకు చెందిన జాన్ బోసాక్ అధ్యక్షతన ఒక సంఘ మేర్పడెను. టిమ్ బ్రే, స్పెర్బర్గ్-మెక్వీన్, జాన్ పావొలి సంపాదకులుగా 1998 ఫిబ్రవరి 10వ తేదీన ఎక్స్‌ఎమ్‌ఎల్ మొదటి ప్రమాణము వెలువడినది. ఇందు గుర్తుల పేళ్ళు ఎవరివి వారే కల్పించుకొనవచ్చును. నియమములు మాత్రము కఠినమైనవి. తెఱచిన గుర్తును మూయవలెను. లోపలిది మూసిన తరువాతనే వెలుపలిది మూయవలెను. అన్నిటిని ఒక్కటే గుర్తు పొదివికొని యుండవలెను. తప్పిన యెడల ప్రోగ్రాము అచ్చటనే ఆగిపోవలెను. హెచ్.టి.ఎమ్.ఎల్. తప్పులను బ్రౌజరులు సహించి ఏదో ఒకటి చూపును, ఇది సహింపదు. పోగు తెగినను ఆగని మగ్గముపై గుడ్డ యెట్లుండునో మనకు వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఈ ప్రమాణములో తెలుగువారు ముఖ్యముగా గమనింపదగిన దొకటి కలదు. దీనికి పునాది యూనికోడ్. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి సంపుటముననే మన లిపికి స్థానము లభించినది. కావున 1998 నాటినుండియు ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో విషయమే గాక గుర్తుల పేళ్ళును తెలుగులో నుండవచ్చును. ఇట్లు :

<పదము><రూపము>కండె</రూపము><అర్థము>పేకనూలు చుట్టిన చిన్న గొట్టము</అర్థము></పదము>

కొద్ది లోపము లేకపోలేదు. 'పవర్‌లూమ్' అని వ్రాయునపుడు ర-లలు ఒత్తుగా కలియకుండ నిలుపు కనబడని అక్షర మొకటి కలదు. గుర్తుల పేళ్ళలో దానికి మొదట చోటు లేకుండెను. ౘ, ౙలు యూనికోడున చేరినదే 2008లో. అదే సంవత్సరము నవంబరులో వచ్చిన ఎక్స్‌ఎమ్‌ఎల్ అయిదవ కూర్పు ఈ అడ్డులను తొలగించినది.

ఇది మనకు దూరపు విద్య యని యెంచరాదు. 2007 నుండి వచ్చిన వర్డ్ దస్త్రము పేరు చివర 'డాక్‌ఎక్స్' తీసి 'జిప్' అని మార్చి తెఱచిన యెడల, లోపల నున్నది ఎక్స్‌ఎమ్‌ఎల్ వ్రాతయే. మన కార్ఖానాల లెక్కలు వ్రాయు ట్యాలీ ఇతర ప్రోగ్రాములతో ఇచ్చిపుచ్చుకొనుటకు దీనిని అంగీకరించును. 2016లో ఆరంభమైన యు.పి.ఐ. చెల్లింపులలో బ్యాంకుల నడుమ నడచు సందేశములును ఇట్టివే. వెబ్ పనులలో జేసన్ అను తేలికైన రూపము దీని చోటు చాలవఱకు ఆక్రమించినది. ఆదాయపు పన్ను పత్రములు 2021లో దానికే మారినవి. లెక్కలకు అది చాలును. వాక్యము నడుమ ఒక మాటకు గుర్తు పెట్టవలసినచోట మాత్రము ఎక్స్‌ఎమ్‌ఎల్‌యే తగినది.

వాక్యము నడుమ గుర్తు ఏల యనగా, శాసనములను చూడుడు. అమరావతి, నాగార్జునకొండ మున్నగు చోట్ల దొరకిన ప్రాచీనాంధ్రదేశ శాసనములను గ్రిఫిత్స్, టూర్నియే అను పండితులు ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో కూర్చిరి. ఱాతిపై స్పష్టముగా నున్న అక్షరమునకును, చెరగిన అక్షరమునకును, పండితుడు ఊహించి పూరించిన అక్షరమునకును అందు గుర్తులు వేఱు. ఱాయి చెప్పిన దేదో, మనము చెప్పిన దేదో కలసిపోదు.

మా బడి యందలి అనుభవము దీనికి విరుద్ధముగా నుండెను. పూర్వ మొక ప్రత్యేక సంచికను అచ్చునకు ఇచ్చితిమి. ఆ కాలపు ఫాంటులు ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు అక్షరపు తునుకలను నిలిపెడివి. ఇప్పుడా ఫాంటు లేదు. దస్త్రము తెఱచిన ఇంగ్లీషు అక్షరములును, ప్రశ్నార్థకములును కనబడును. ఆకారమును మాత్రమే భద్రపఱచితిమి. ఆకారము పోగానే అంతయు పోయినది. వృద్ధులైన నేతగాండ్రను అడిగి పిల్లలు సేకరించిన మగ్గపు పదములు అందుండెను. చెప్పినవారిలో పెక్కుమంది ఇప్పుడు లేరు.

అందుచేత ఆ పదముల పట్టికను ఎనిమిదవ తరగతివారితో మరల మొదలుపెట్టితిని. ఈ మాఱు ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో. ఇచ్చట ఒక చిక్కు వచ్చినది. మరాఠీ బడులలో చదివిన మన పిల్లలు ఇంటి తెలుగును దేవనాగరిలో వ్రాయుదురు. అట్టి చీటీలు తెచ్చిన బాలికతో తోటివారు, 'ఇది మరాఠీ, తెలుగు కాదు' అని వాదించిరి. ప్రమాణములో ఇందులకు సమాధానము కలదు. మాట ఏ భాషదో తెలుపుటకు ఒక లక్షణ మేర్పఱచబడినది. తెలుగునకు 'టి-ఇ', మరాఠీకి 'ఎమ్-ఆర్' అని సంకేతములు. 2006 నుండి దాని ప్రక్కన లిపి సంకేతమును వేఱుగా చేర్చవచ్చును. భాష తెలుగు, లిపి దేవనాగరి యని రెండును వ్రాయించితిని. ఆ బాలిక చీటీలన్నియు తెలుగు పదములుగనే పట్టికలో చేరినవి.

'చద్దరు' వంతు వచ్చినప్పుడు మరల తగవు. పారసీకపు 'చాదర్' నుండి వచ్చిన ఆ మాటను తెలుగువారును, మరాఠీవారును తమదే యందురు. దానిని రెండు భాషల క్రిందను రెండు మాఱులు వ్రాసి, రెండుచోట్లను మూలము పారసీకమని గుర్తు పెట్టితిమి.