నరం గుంజుతోంది

మార్కాపురం పలకల గనుల దగ్గర ఒక పెద్దాయన రాయి చీలుస్తుంటే నిలబడి చూశాను. ఉలి అంచు ఆనించి సుత్తితో మెల్లగా తట్టాడు. బండ కాగితాల కట్టలా పొరలుగా విడిపోయింది. లేవబోతూ నడుం పట్టుకుని, "నరం గుంజతాంది నాయనా" అన్నాడు. తొడ వెనక నుంచి పిక్క దాకా వేలితో గీత గీసి చూపించాడు.

ఆ గీత తుంటి నరం నడిచే దారి. నడుము కింద వెన్ను నుంచి వచ్చే ఐదు నరాల పాయలు కలిస్తే ఏర్పడే ఈ నరం ఒంట్లోని నరాలన్నిటిలోకీ లావైనది. నన్ను పట్టుకున్నది మాత్రం 'గుంజడం' అన్న మాట. గుంజేది తాడు కదా!

నరం మన ద్రావిడ సొత్తు. తమిళులకు నరంబు, మలయాళులకు ఞరంబు, కన్నడిగులకు నర. తమిళంలో 'యాళ్' అనే పాతకాలపు వాద్యం తీగ కూడా నరంబే. బిగించి కట్టిన తంత్రి అన్న ఊహ ఆ మాటలో ఉంది. నార, నరం తోబుట్టువుల్లా వినిపిస్తాయి కానీ, ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు రెండింటినీ వేరు వేరు పద్దుల్లో పెట్టింది.

గ్రీకుల 'న్యూరాన్' అర్థం కూడా మొదట్లో వింటినారి, కండరాన్ని ఎముకకు కట్టే తాడు. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దిలో అలెగ్జాండ్రియా వైద్యుడు హెరోఫిలస్ నరాన్ని ఆ తాడునుంచి వేరు చేసి చూపించాడు. వస్తువులు విడిపోయినా పాత పేరు నరానికి అంటుకునే ఉంది. సంస్కృత 'స్నాయువు' ఆ న్యూరాన్‌కు దాయాది. అక్కడి బిడ్డ నరమైంది, ఇక్కడి బిడ్డ తాడుగానే మిగిలింది. న్యూరాన్, నరం మధ్య వినిపించే పోలిక మాత్రం కాకతాళీయం. చుట్టరికం కలపకండి.

మరి పాఠ్యపుస్తకం 'నాడీ వ్యవస్థ' అంటుందేం? నాడి అంటే గొట్టం, రెల్లుకాడ. వైద్యుడు మణికట్టు దగ్గర పట్టి చూసేదీ నాడే, ఇరవైనాలుగు నిమిషాల ఘడియకూ అదే పేరు. ఇన్ని బరువులు మోసే మాట మీద మరో మూట పెట్టారు. జనం నరాన్నీ తక్కువ మోయించలేదు. చేతిమీద తేలిన రక్తనాళం నరమే. గిద్దలూరు ఆస్పత్రిలోనైనా సూది 'కండకా, నరానికా' అనే అడుగుతారు. అయినా నా ఓటు నరానికే. నొప్పి ఎలా ఉందో ఆ మాటలోనే తెలుస్తుంది.

నరాలు బయల్దేరే వెన్ను సంగతి ఇంకా ముచ్చటైనది. కన్నడంలో బెన్ను. వరి వెన్ను అంటే కంకి. విష్ణువు తెలుగు నోట వెన్నుడయ్యాడు. మార్కాపురం చెన్నకేశవుడూ వెన్నుడే. ఇవి వేరు వేరు పుట్టుకలు, ఒకే రూపం.

వెన్నులో పూసలున్నాయి, వాటి నడుమ పాము ఉంది. వెన్నుపూస, వెన్నుపాము అని పేరు పెట్టినవాళ్లకు చేతులెత్తి మొక్కాలి. పాము నడుము పైభాగంలోనే ఆగిపోతుంది. అక్కడినుంచి వేర్లు గుత్తిగా వేలాడతాయి. పాశ్చాత్య వైద్యులు దానికి గుర్రపుతోక అని పేరు పెట్టారు. పాము తల నుంచి తోక దాకా 31 జతల నరాలు పూసల సందుల్లోంచి బయటికొస్తాయి. ఒక్కో నరానికి రెండు వేర్లు: వెనకది ఒంటి కబురు పైకి తెస్తుంది, ముందుది కండరానికి ఆజ్ఞ మోసుకెళ్తుంది.

ఆ సందు ఇరుకైతే?

మన ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి వైపు ఈ ప్రశ్న పుస్తకాలది కాదు, నీళ్లది. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు మన దేశంలో ఫ్లోరోసిస్‌ను, అంటే ఫ్లోరైడ్ జబ్బును, వెల్లడించింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు ఆ జిల్లావే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడ్డప్పుడు అవి ఇటొచ్చాయి, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు వచ్చాయి. ఫ్లోరైడ్ ఎక్కువైన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పూసల్ని కట్టిపట్టిన బంధనాలు ఎముకలా గట్టిపడతాయి, పాముండే గొట్టం కుంచించుకుపోతుంది, వేర్లు నలుగుతాయి. మొదట వెన్ను వంగదు. తర్వాత కాళ్లు మొద్దుబారతాయి.

మీ ఇంట్లో పెద్దవాళ్లు "వెన్ను పట్టేసింది, కాళ్లల్లో నరాలు గుంజుతున్నాయి" అంటే వయసు మీద నెట్టేయకండి. వైద్యుడికి వాళ్ల మాటల్లోనే చెప్పనివ్వండి. బోరు నీళ్లు ఒక సీసాలో పట్టి పరీక్షకు పంపండి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడం మానండి.