నేరగాడి మీద ప్రేక్షకుడి తీర్పు

అమెరికా టెలివిజన్ తొలి రోజుల్లో నేర కథ చూసే ప్రేక్షకుడికి తీర్పు చెప్పే పని ఉండేది కాదు. ఆ పని నియమావళి ముందే చేసిపెట్టేది. హాలీవుడ్ స్టూడియోలు 1930లో తమకు తామే కొన్ని నియమాలు రాసుకుని, 1934 నుంచి వాటిని కఠినంగా అమలు చేశాయి. నేరం చేసినవాడి వైపు ప్రేక్షకుడి మనసు మొగ్గేలా కథ నడపకూడదన్నది వాటిలో ముఖ్యమైనది. 1952లో టెలివిజన్ ప్రసారకర్తల సంఘం తెచ్చుకున్న నియమావళి కూడా ఇదే దారి పట్టింది. దాన్ని పాటించే స్టేషన్లు తెర మీద ఒక ముద్ర వేసుకుని చూపించేవి. 1951 డిసెంబరులో ఎన్‌బీసీలో మొదలైన 'డ్రాగ్‌నెట్' ఈ పద్ధతికి మంచి నమూనా. అందులో జాక్ వెబ్ నటించిన సార్జెంట్ జో ఫ్రైడేకు డ్యూటీ తప్ప మరో లోకం లేదు. దొరికిన నేరస్థుడికి కోర్టు ఏ శిక్ష వేసిందో ఎపిసోడ్ చివర ఒక గొంతు చదివి వినిపించేది. టీవీ కట్టేశాక ఇంట్లోవాళ్లు వాదించుకోవడానికి ఏమీ మిగిలేది కాదు.

అంతకు కొన్ని నెలల ముందు, 1951 మార్చిలో, వేరే రకం నేరగాడు అమెరికా ఇళ్లలోకి వచ్చాడు. సెనేటర్ ఎస్టెస్ కెఫావర్ కమిటీ ముఠా నేరాల మీద న్యూయార్క్‌లో జరిపిన విచారణను టీవీలో నేరుగా చూపించారు. ముఠా నాయకుడు ఫ్రాంక్ కాస్టెల్లో తన ముఖం చూపించడానికి ఒప్పుకోకపోవడంతో కెమెరాలు అతని చేతుల మీదే నిలిచాయి. నిలకడ లేని ఆ చేతులను చూస్తూ, ఆ గరగర గొంతు వింటూ జనం పనులు మానుకుని కూర్చున్నారు. నేరం చేసినవాడిని దగ్గరగా చూడాలనే కుతూహలం ఎంత బలమైనదో ఆ వారంలోనే తేలిపోయింది. కథలు రాసేవాళ్లకు దాన్ని వాడుకునే స్వేచ్ఛ రావడానికి మాత్రం దాదాపు అర్ధ శతాబ్దం పట్టింది.

ఈ మధ్యకాలంలో తగవులు లేవని కాదు. 1959లో ఏబీసీలో వచ్చిన 'ది అన్‌టచబుల్స్'లో ముఠావాళ్లందరికీ ఇటాలియన్ పేర్లే పెట్టారని ఇటాలియన్-అమెరికన్ సంఘాలు మండిపడ్డాయి. కార్యక్రమానికి డబ్బు పెట్టే సిగరెట్ కంపెనీ సరుకును 1961లో బహిష్కరించాయి. ఆ కంపెనీ వెనక్కి తగ్గింది, నిర్మాతలు కూడా దిగివచ్చారు. పాత్ర మంచివాడా చెడ్డవాడా అన్న ప్రశ్న ఆ గొడవలో లేనే లేదు. అతని ఇంటిపేరే అసలు సమస్య. ఆ రోజుల్లో ప్రేక్షకుడి అభ్యంతరం స్పాన్సర్ జేబు దాకా వెళ్తేనే దానికి విలువ ఉండేది.

చెడ్డ లక్షణాలున్న పాత్రను వేర్వేరు మనుషులు వేర్వేరుగా చూస్తారన్న సంగతి మొదట రుజువైంది నేర కథలో కాదు, హాస్య ధారావాహికలో. 1971లో మొదలైన 'ఆల్ ఇన్ ది ఫ్యామిలీ'లో ఆర్చీ బంకర్ జాతి ద్వేషం నిండిన మనిషి. అతన్ని చూసి నవ్వడం వల్ల జనంలో ద్వేషం తగ్గుతుందని నిర్మాతలు ఆశించారు. నీల్ విడ్మార్, మిల్టన్ రొకీచ్ 1974లో ప్రచురించిన అధ్యయనం ఆ ఆశను దెబ్బతీసింది. ద్వేషం ఎక్కువగా ఉన్న ప్రేక్షకులు ఆర్చీని మెచ్చుకున్నారు, వాదనలో అతనే గెలుస్తున్నాడని అనుకున్నారు. మిగతావాళ్లకు అదే కార్యక్రమం అతన్ని ఎండగడుతున్నట్టు కనిపించింది. రచయిత ఉద్దేశం ఒకటి, ప్రేక్షకుడు తీసుకునేది మరొకటి. తర్వాతి కాలపు చర్చలన్నిటికీ ఇదే మూలం.

నేర కథల్లో మార్పు పోలీసు వైపు నుంచి మొదలైంది. 1981లో స్టీవెన్ బొచ్కో, మైకేల్ కొజోల్ సృష్టించిన 'హిల్ స్ట్రీట్ బ్లూస్' పోలీసుల తాగుడునీ, విడాకులనీ, అలసటనీ తెర మీదికి తెచ్చింది. కథలు ఒక్క ఎపిసోడ్‌లో ముగియకుండా వారాల తరబడి సాగడంతో పాత్రల తప్పులకు ఫలితాలు కూడా కనిపించసాగాయి. 1993లో బొచ్కో, డేవిడ్ మిల్చ్ కలిసి తెచ్చిన 'ఎన్‌వైపీడీ బ్లూ' ఇంకో అడుగు ముందుకు వేసింది. మొదట్లో నగ్న దృశ్యాలనీ, బూతులనీ సాకుగా చూపి ఏబీసీ అనుబంధ స్టేషన్లలో 50కి పైగా దాన్ని ప్రసారం చేయడానికి నిరాకరించాయి. ఆ గొడవ త్వరలోనే చల్లారింది. నిలిచిన చర్చ ఆండీ సిపోవిట్జ్ గురించి. డెన్నిస్ ఫ్రాంజ్ నటించిన ఈ డిటెక్టివ్ తాగుబోతు, నల్లజాతివాళ్లంటే చిన్నచూపు ఉన్నవాడు, నిందితుల మీద చేయి చేసుకునేవాడు. పన్నెండేళ్లలో అతను మెల్లమెల్లగా మారాడు. మారే మనిషిని క్షమించడం ప్రేక్షకుడికి కష్టం కాలేదు.

మారని మనిషి సంగతేమిటన్న ప్రశ్న కేబుల్ చానల్ వల్ల వచ్చింది. హెచ్‌బీఓ చందాదారుల డబ్బుతో నడిచేది. ప్రకటనలు లేవు కాబట్టి స్పాన్సర్ అలుగుతాడన్న భయం లేదు. 1999 జనవరి 10న అక్కడ మొదలైన 'ది సొప్రానోస్'లో డేవిడ్ చేజ్ న్యూజెర్సీ ముఠా నాయకుడినే ఇంటి యజమానిగా, తండ్రిగా, మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్లే రోగిగా చూపించాడు. ఐదో ఎపిసోడ్ చరిత్రలో నిలిచిపోయింది. టోనీ సొప్రానో కూతురికి కాలేజీలు చూపించడానికి మెయిన్ రాష్ట్రానికి తీసుకెళ్తాడు. ముఠాను పోలీసులకు పట్టించి పేరు మార్చుకుని బతుకుతున్న పాతవాడొకడు అక్కడ కంటబడితే, కూతురు ఇంటర్వ్యూలో ఉన్న సమయంలో వాడి గొంతు బిగించి చంపేస్తాడు. ఇది చూపిస్తే ప్రేక్షకులు టోనీకి దూరమవుతారని చానల్ అధికారి క్రిస్ ఆల్‌బ్రెక్ట్ భయపడ్డాడు. చంపకపోతేనే దూరమవుతారని చేజ్ వాదించి నెగ్గాడు. జేమ్స్ గాండోల్ఫినీ నటించిన టోనీని ప్రేక్షకులు ఆ రాత్రి తర్వాత ఇంకా ఇష్టపడ్డారు.

ఆ ఇష్టాన్ని చేజ్ ఊరికే వదల్లేదు, పదే పదే పరీక్షించాడు. 2001 మార్చిలో టోనీ వైద్యురాలు డాక్టర్ మెల్ఫీ మీద అత్యాచారం జరుగుతుంది. నేరం చేసినవాడు దొరికినా పోలీసుల పొరపాటు వల్ల బయటపడతాడు. టోనీతో ఒక్క మాట అంటే చాలు, వాడు మర్నాటికి ఉండడు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, చూసేవాళ్లకూ తెలుసు. చెప్పాల్సిందేమైనా ఉందా అని టోనీ అడిగితే ఆమె లేదంటుంది. ఎపిసోడ్ అక్కడితో ఆగిపోతుంది. ఆ నేరగాడికి శిక్ష ఎప్పుడు పడుతుందని ప్రేక్షకులు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. చట్టం విఫలమైన చోట హంతకుడు న్యాయం చేయాలని కోరుకున్నవాళ్లకు, తమ కోరిక ఎలాంటిదో చూసుకునే అవకాశం ఆ ఒక్క జవాబు ఇచ్చింది. అమెరికా టీవీలో ఇంత ధైర్యమైన సన్నివేశాలు తక్కువ. కొద్ది వారాలకే మరో వైద్యుడు టోనీ భార్య కార్మెలాకు ఇల్లు విడిచి వెళ్లమని సలహా ఇచ్చి, అది రక్తం అంటిన సొమ్మని చెప్పి ఫీజు తీసుకోడు. 2004 మేలో టోనీ ఆదేశం మీద ముఠాలోని ఒకడికి కాబోయే భార్య ఆడ్రియానాను అడవిలోకి తీసుకెళ్లి కాల్చేశారు. ప్రేక్షకులు ఆమె కోసం ఏడ్చారు, తర్వాతి సీజన్‌కు మళ్లీ టోనీ కోసమే వచ్చారు.

ఇటాలియన్-అమెరికన్ సంఘాల పాత అభ్యంతరం ఈ కాలంలోనూ పోలేదు. 2002లో న్యూయార్క్ మేయర్ మైకేల్ బ్లూంబర్గ్ కొలంబస్ డే ఊరేగింపుకు ఈ సీరియల్ నటులిద్దరిని పిలిస్తే నిర్వాహకులు ఒప్పుకోలేదు. మేయరే ఊరేగింపు మానుకున్నాడు. అయితే చర్చ కేంద్రం అప్పటికే మారిపోయింది. 2007 జూన్ 10న చివరి ఎపిసోడ్ టోనీ హోటల్లో భార్య, కొడుకుతో కూర్చుని ఉండగా హఠాత్తుగా నల్లని తెరతో ముగిసింది. కేబుల్ పోయిందనుకుని చాలామంది కంగారుపడ్డారు. టోనీ చచ్చాడా బతికాడా అన్న వాదన నేటికీ తెగలేదు. ఇన్నేళ్లూ అతన్ని చూసి ఈలలు వేసినవాళ్లు ఆఖర్న అతని రక్తం కళ్ల చూడాలని కోరుకోవడం తనకు రోత పుట్టించిందని చేజ్ తర్వాత అన్నాడు. చివరి ఎపిసోడ్‌కు వారం ముందే మెల్ఫీ టోనీకి వైద్యం మానేస్తుంది. ఇలాంటివాళ్లతో మాట్లాడుతూ పోతే వాళ్లు మరింత తెలివైన నేరగాళ్లవుతారని చెప్పే పరిశోధన చదివి తలుపు మూసేస్తుంది. ఆరు సీజన్లు టోనీ మాటలు వింటూ కూర్చున్న ప్రేక్షకుడికి ఇంతకంటే సూటిగా చెప్పే మార్గం లేదు.

2002లో రెండు వేర్వేరు దారులు తెరుచుకున్నాయి. ఎఫ్ఎక్స్ చానల్‌లో వచ్చిన 'ది షీల్డ్' తొలి ఎపిసోడ్‌లోనే డిటెక్టివ్ విక్ మ్యాకీ తోటి పోలీసును కాల్చి చంపుతాడు. లాస్ ఏంజెలెస్‌లో బయటపడిన ర్యాంపార్ట్ కుంభకోణం దీనికి ప్రేరణ. మ్యాకీ ముఠాలను అణచగలడు కాబట్టి చాలామంది ప్రేక్షకులు ఆ హత్యను పక్కన పెట్టేశారు. 2008 చివర్లో అతను చేసినవన్నీ ఒప్పుకుని కేసుల నుంచి తప్పించుకుంటాడు, కానీ స్నేహితులూ కుటుంబమూ పోయి ఆఫీసు బల్ల ముందు మిగులుతాడు. పాత్రకు పడిన శిక్ష సరిపోయిందా అన్నది ఇప్పటికీ మంచి చర్చే. హెచ్‌బీఓలో 'ది వైర్' తెచ్చిన డేవిడ్ సైమన్ పాత్రికేయుడు, ఎడ్ బర్న్స్ మాజీ డిటెక్టివ్. బాల్టిమోర్ నగరాన్ని ఆధారం చేసుకుని వీళ్లు తప్పును ఒక్క మనిషిలో కాకుండా పోలీసు శాఖలో, రేవులో, బడిలో, పత్రికలో వెతికారు. మత్తుమందు వ్యాపారులనే దోచే ఓమర్ లిటిల్ అమాయకుల మీద తుపాకీ ఎత్తడు. 2008లో బరాక్ ఒబామా తనకు నచ్చిన పాత్ర ఓమరే అన్నాడు, అతను చేసే పనులను సమర్థించడం లేదని కూడా చెప్పాడు.

ఇష్టపడటమూ సమర్థించడమూ వేరన్న ఈ తేడాను సినిమా తాత్వికుడు మర్రే స్మిత్ 1995లోనే వివరించాడు. కథ మనల్ని ఒక పాత్ర వెంట నడిపించడం ఒకటి, మనం ఆ పాత్ర పక్షం వహించడం మరొకటి. వెంట నడిచే కాలం పెరిగేకొద్దీ పక్షం వహించడం సులువవుతుంది. వాడికంటే చెడ్డవాడిని ఎదుట నిలబెడితే ఇంకా సులువు.

ఈ సూత్రాన్ని అంచు దాకా లాగింది విన్స్ గిల్లిగన్ 'బ్రేకింగ్ బ్యాడ్'. 2008 జనవరి 20న ఏఎంసీలో మొదలైన ఈ కథలో ఆల్బుకర్కీ కెమిస్ట్రీ మాస్టారు వాల్టర్ వైట్ క్యాన్సర్ సోకాక కుటుంబానికి డబ్బు మిగల్చాలని మెథాంఫెటమిన్ తయారీకి దిగుతాడు. మంచివాడు మెల్లమెల్లగా రాక్షసుడు కావడమే కథ అని గిల్లిగన్ మొదటి నుంచీ చెబుతూ వచ్చాడు. ఐదో ఎపిసోడ్‌లోనే పాత స్నేహితుడు వైద్యం ఖర్చు భరిస్తానంటాడు. వాల్టర్ అహం అడ్డొచ్చి కాదంటాడు. కుటుంబం కోసమే అన్న మాట నిజానికి అక్కడే చచ్చిపోయింది. దాన్ని నమ్మాలనుకున్నవాళ్లు ఇంకా నాలుగు సీజన్లు నమ్మారు.

అన్నిటికంటే లోతైన వాదన 2009 మే 24న ప్రసారమైన ఎపిసోడ్ మీద జరిగింది. తనను బెదిరిస్తున్న జేన్ అనే యువతి మత్తులో వాంతి గొంతుకు అడ్డం పడి ఊపిరాడక చస్తుంటే, పక్కనే ఉన్న వాల్టర్ సాయం చేయకుండా చూస్తూ నిలబడతాడు. ఇది హత్యా, కాదా? తాత్వికుడు జేమ్స్ రేచల్స్ 1975లో ఇలాంటి ఉదాహరణే ఇచ్చాడు. ఆస్తి కోసం ఒకడు స్నానపు తొట్టిలో పిల్లవాణ్ని ముంచి చంపుతాడు. ఇంకొకడు చంపాలనే వచ్చి, పిల్లవాడు తానే జారిపడి మునుగుతుంటే చూస్తూ ఊరుకుంటాడు. ఇద్దరికీ తేడా లేదన్నాడు రేచల్స్. తత్వశాస్త్రం తరగతిలో పుట్టిన ప్రశ్న భోజనాల బల్ల దగ్గరికి వచ్చింది. ఇది టీవీ సాధించిన పెద్ద మేలు.

అదే సీరియల్ ప్రేక్షకుల చీకటి కోణాన్నీ బయటపెట్టింది. పసివాడికి విషం పెట్టించిన వాల్టర్‌ను సమర్థించినవాళ్లు అతని భార్య స్కైలర్‌ను మాత్రం క్షమించలేదు. ఆమె తప్పు చేయలేదని కాదు. దొంగ లెక్కలు రాసింది, పరాయి మగవాడితో సంబంధం పెట్టుకుంది, మత్తుమందు డబ్బును కార్ వాష్ ముసుగులో తెల్లడబ్బుగా మార్చింది. కానీ ప్రేక్షకుల కోపానికి కారణం ఆ తప్పులు కావు. భర్త దారికి అడ్డు నిలిచింది, అంతే. ఆ ద్వేషం పాత్రను దాటి నటి ఆన్నా గన్ దాకా పాకింది, ఆమెకు చంపుతామన్న బెదిరింపు కూడా వచ్చింది. 2013 ఆగస్టు 23న న్యూయార్క్ టైమ్స్‌లో ఆమె దీని గురించి వ్యాసం రాస్తూ, అణిగి ఉండని భార్య అంటే సమాజానికి ఉన్న చిరాకే ఇందులో కనిపిస్తోందని చెప్పింది. ఇలాంటి నాయకుల మీద పుస్తకం రాసిన మార్గరెటె బ్రూన్ వాగె కూడా ఈ సీరియళ్లలో భార్యలు కథాసుఖానికి అడ్డంకిగా నిలబడతారని, ప్రేక్షకుల కోపం అందుకే వాళ్ల మీదికి మళ్లుతుందని వివరించింది. ఈ చర్చ మొత్తంలో ప్రేక్షకులు ఓడిపోయిన చోటు ఇదే. 2013 సెప్టెంబరు 29న కోటి మందికి పైగా చూసిన చివరి ఎపిసోడ్‌లో, ఇదంతా తన కోసమే చేశానని వాల్టర్ స్కైలర్ ఎదుటే ఒప్పుకుంటాడు.

'బ్రేకింగ్ బ్యాడ్'లోని లాయరు కథగా ఆ తర్వాత వచ్చిన 'బెటర్ కాల్ సాల్' 2022 ఆగస్టులో ముగిసింది. ఏడేళ్ల జైలుతో బయటపడగలిగిన ఆ లాయరు కోర్టులో నిజం చెప్పి 86 ఏళ్ల శిక్ష కోరి తెచ్చుకుంటాడు. అంతకు కొన్ని వారాల ముందే ఆల్బుకర్కీలో వాల్టర్‌కూ, అతని శిష్యుడు జెస్సీకీ కంచు విగ్రహాలు పెట్టారు. మత్తుమందుతో నలిగిపోతున్న రాష్ట్రంలో దాన్ని తయారుచేసేవాళ్లకు విగ్రహాలేమిటని అక్కడి శాసనసభ్యులు నిలదీశారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. 2025 ఫిబ్రవరిలో రచయితల సంఘం పురస్కారం అందుకుంటూ గిల్లిగన్ కూడా దాదాపు అదే మాట అన్నాడు. హెచ్చరికగా ఉండాల్సిన చెడ్డవాళ్లు ఆదర్శాలైపోయారని, ఇక మంచివాళ్ల కథలు రాయమని తోటి రచయితలను కోరాడు. ఆ ఏడాది నవంబరులో వచ్చిన ఆయన కొత్త సీరియల్ 'ప్లురిబస్'లో నాయిక నేరస్థురాలు కాదు, నవలా రచయిత్రి.