గాజుతొట్టిలో ఇరుగుపొరుగు

సికింద్రాబాదునకు వైద్యచరిత్రలో శాశ్వతస్థానమును సంపాదించి పెట్టినది ఒక దోమ. 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన బేగంపేటలో, రోనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు దోమ కడుపును కోసి సూక్ష్మదర్శినిలో చూచుచుండగా, మలేరియా పరాన్నజీవి అందులో పెరుగుచున్న ఆనవాలు ఆయన కంటబడినది. హుస్సేన్ ఖాన్ అను రోగి, తన్ను కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక్కొక్క అణా పుచ్చుకొని, ఈ పరిశోధనకు తన దేహమును అప్పగించియుండెను. 1902లో రాస్ దొరకు నోబెల్ బహుమానము వచ్చినది. ఖాన్‌గారికి దక్కినవి ఆ అణాలును, పుస్తకములలో ఒక పంక్తియును.

దోమకును చేపలతొట్టికిని సంబంధమేమని పాఠకులు అడుగవచ్చును. సంబంధము కలదు. అపరాధి దోమయని తేలిన పిమ్మట, నిలువనీటిలోనే దాని సంతతిని రూపుమాపవలెనన్న యత్నములు లోకమంతట సాగినవి. నూనె చల్లుట ఒక మార్గము. దోమపిల్లలను తిను చేపలను వదలుట మరియొక మార్గము. ఈ రెండవ మార్గముననే రెండు చిన్న విదేశీచేపలు మన బావులకును చెరువులకును వచ్చినవి. ఒకటి గప్పీ. ట్రినిడాడ్ ద్వీపమున నివసించిన గప్పీ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు పంపగా, 1866లో లండను నగరపు బ్రిటిష్ మ్యూజియము పండితుడు గుంథర్ దానికి ఆయన పేరే పెట్టెను. రెండవది గాంబూసియా. ఇది అమెరికా సంతతి. 1928లో ఇటలీ మీదుగా మన దేశము చేరినది. రెండును గ్రుడ్లు పెట్టక పిల్లలనే కను జాతులు. అందుచేత నాలుగు వదలిన చోట నాలుగు వందలగుటకు ఎక్కువ కాలము పట్టదు.

రెండును ఒక పనికే వచ్చినవి గాని, వాటి గుణములు వేరు. గప్పీ సాధుజీవి. గాంబూసియా అట్టిది కాదు. దోమపిల్లలు దొరికినంతసేపు వాటిని తినును. అవి తక్కువైనచో పొరుగుచేపల గ్రుడ్లను, పసిపిల్లలను, కప్పల తోకపిల్లలను సైతము విడువదు. తనకన్న పెద్దదైన చేప రెక్కలను కొరికి చీలికలు చేయును. ప్రపంచమున అత్యంత హానికరములైన నూరు వలసజాతుల పట్టికలో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణసంఘము వారు గాంబూసియాను చేర్చిరి. తలపై వెండిచుక్క ధరించి నీటి పైపొరలో తిరుగాడు చిన్నచేప యొకటి మన కుంటలలో అనాదిగా దోమపిల్లలను తినుచునేయున్నది. పరిగెలతోను కప్పలతోను తరతరములుగా ఒకే నీటిని పంచుకొన్న ఆ దేశీయజీవిని ఎవరును పిలువలేదు. దూరపు చుట్టమును పిలిచితిమి. దోమను చంపునా లేదా యని మాత్రమే ఆనాటివారు విచారించిరి. తక్కిన చేపలతో ఎట్లు మెలగునని విచారించినవారు తక్కువ.

నిజమునకు ఆ రెండవ ప్రశ్నతోనే ఇంటితొట్టి చరిత్ర ఆరంభమైనది. లండనులో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు ఒక గాజుపాత్రలో నీరు పోసి, రెండు చిన్న బంగారుచేపలను, వాలిస్నేరియా అను నీటిమొక్కను ఉంచెను. మొక్క విడుచు ప్రాణవాయువు చేపలకు చాలునని ఆయన తలంపు. ఆ తలంపు తప్పు కాలేదు. కాని కొంతకాలమునకు మొక్క ఆకులు కుళ్లి నీరు మురికి పట్టినది. అప్పుడాయన నీటినత్తలను తెచ్చి వేసెను. నత్తలు కుళ్లిన ఆకులను తిని నీటిని తేటపరచినవి. నత్తల గ్రుడ్లు చేపలకు ఆహారమైనవి. 1850లో ఆయన ఈ సంగతిని రసాయనశాస్త్ర సంఘమునకు విన్నవించెను. 1854లో ఫిలిప్ గాస్ రచించిన గ్రంథము వెలువడిన తరువాత ‘అక్వేరియం’ అను మాట ఆ దేశపు మధ్యతరగతి యిండ్లలో వాడుకపడినది. మొదటి తొట్టిలో చేపలకు కుదిరిన పొరుగు మరియొక చేప కాదు, నత్త. ఈ సంగతిని నేటి వినియోగదారులలో అనేకులు మరచినట్లున్నది.

చేపకు చేపను జోడించుటలోని చిక్కు పారిసు నగరమున తేటపడినది. 1869లో కార్బొనియే అను చేపలపెంపకందారు చైనానుండి ‘పారడైజ్’ చేపలను తెప్పించి తన తొట్లలో పిల్లలను చేయించెను. చూచుటకు వాటి వన్నె పేరుకు తగినదే. కాని మగచేపలు రెండు ఎదురుపడినచో రెక్కలు చినుగువరకు పోరాడును. సయాము దేశపు పోరుచేప వీటికి దాయాది. మగవాటిని రెండింటిని కలిపి యుంచరాదని దుకాణదారు నేడును చెప్పును గదా! మన వైపున మద్రాసు సముద్రతీరమున 1909లో తెరచిన ప్రదర్శనశాల జనులకు బ్రదికియున్న చేపలను అద్దములగుండ చూపినది. అది రెండవ ప్రపంచయుద్ధ కాలమున మూతపడినది. 1951లో బొంబాయిలో తారాపోర్‌వాలా అక్వేరియం వెలసినది.

అయినను మా అభిప్రాయమున, ఏ చేపకు ఏ చేప తోడగునన్న విద్యలో మన దేశమువారు అద్దపుతొట్టికన్న చెరువులోనే ఎక్కువ నేర్చిరి. బొచ్చె నీటి పైభాగమున మేయును. శీలావతి నడుమ మేయును. ఎర్రమోసు అడుగున మేయును. ఒక యింట మూడు అంతస్తులలో మూడు కుటుంబములు కాపురమున్నట్లు ఈ మూడును ఒకే చెరువులో పెరుగును. వాలుగ గాని కొర్రమీను గాని చొరబడినచో ఆ కాపురము చెడును. కనుకనే పిల్లను వదలుటకు ముందు రైతు చెరువును శుభ్రపరచును. 1959లో చైనాజాతులైన వెండికార్పును, గడ్డికార్పును కటకమునకు తెచ్చిరి. గడ్డికార్పు మేయునది నీటిగడ్డి, దానితో తగవులేదు. వెండికార్పు మాత్రము బొచ్చె మేయు పైపొరలోనే నోరు పెట్టినది. వేగముగా పెరుగు ఆ చుట్టము వచ్చినచోట బొచ్చె ఎదుగుదల తగ్గినది. కొల్లేటి ప్రాంతపు రైతులు శాస్త్రజ్ఞులు చెప్పిన ఆరుజాతుల కూర్పును పూర్తిగా గ్రహింపక, శీలావతిని హెచ్చుగా, బొచ్చెను కొలదిగా పెంచు పద్ధతికి వచ్చిరి. అడుగున దాగు ఎర్రమోసును వలకు తెచ్చుట కష్టమను సంగతి వారికి అనుభవమున తెలిసినదే. పుస్తకమునకన్న వల పెద్ద గురువైన సందర్భములలో ఇది యొకటి.

ఇంటితొట్టికిని ఈ లెక్కయే వర్తించును. మొదట చూడవలసినది నోరు. పట్టినంత మేర పొరుగుచేపను మ్రింగుటకు పెద్దచేప సందేహింపదు. అమెజాన్ నదికి చెందిన ఏంజెల్ చేపను పసితనమున నియాన్ టెట్రాలతో కలిపి కొనుచుందురు. ఏడాది తిరుగకమున్నే టెట్రాలు లెక్కకు తగ్గును, ఏంజెల్ బలియును. దొంగయెవరని ఇంటివారు పిల్లిని అనుమానింతురు! పిమ్మట స్వభావము. సుమత్రా ద్వీపపు పులిచారల చేప ఒంటరిగానున్నను, రెండు మూడుగానున్నను, మందగమనము గల పొడుగురెక్కల చేపలను కొరుకును. ఎనిమిది పదింటిని గుంపుగా నుంచినచో తమలో తామే తరుముకొని పొరుగువారిని చాలవరకు విడిచిపెట్టును. తరువాత నీరు. జంటనగరములలో బోరునీరు పలుచోట్ల సున్నపుపాలు హెచ్చైన గడుసునీరు. గప్పీకిని మోలీకిని అది హితము. మెత్తనినీటి టెట్రాకు కాదు. బంగారుచేప చల్లదనమును కోరును, నీటిని త్వరగా మలినపరచును. ఉష్ణదేశపు చిన్నచేపలతో దానిని కూర్చుట రెండింటికిని శిక్ష.

క్రొత్తచేపను తెచ్చిననాడు నేరుగా పాతవారి నడుమ వదలరాదు. రెండుమూడు వారములు వేరొక పాత్రలో నుంచిన రోగమేదైన నున్న బయటపడును. వదలునప్పుడు దీపము ఆర్పి, రాళ్లను మొక్కలను కొంచెము చోటు మార్చవలెను. పాతచేపలు తమవని కాచుకొన్న మూలలు చెదరిపోవును గనుక, ఆ రాత్రి అందరును క్రొత్తవారే.

ఇంత జాగ్రత్తపడినను కుదరని పొరుగు కుదరదు. అప్పుడు ఆ చేపను ఏమి చేయుదురు? అనేకులు సంచిలో పోసికొని చెరువుగట్టునకు పోవుదురు. దానికి ప్రాణదానము చేసితిమని సంతోషింతురు. దక్షిణ అమెరికానుండి వచ్చిన, అద్దముపై పాచిని నాకు ‘సక్కర్’ చేప కథ ఇదే. దుకాణములో వ్రేలంతయుండును, మూరెడు పొడవునకు ఎదుగును. దాని శరీరమంతయు ఎముకపలకల కవచము; రెక్కలకు ముండ్లు. తొట్టిలో ఇమడక బయటపడిన ఈ చేప నేడు తెలుగుదేశపు నదులలోను చెరువులలోను సంతానమును వృద్ధిచేసికొన్నది. కృష్ణాతీరమున జాలరి తెల్లవారుజామున వల లాగునప్పుడు, శీలావతికి బదులు ఈ నల్లని కవచధారులు బరువుగా వచ్చును. కొనువారుండరు. ముండ్లు దారములలో చిక్కుకొన్నందున వాటిని విడిపించుటకు ఆతడు తన వలనే కోసికొనవలసియుండును.